స్క్రూ తిప్పే ముందు: పాత ఫ్రీక్వెన్సీ పరికరాలతో పని మొదలుపెట్టేవారికి

మొదటి ఫ్రీక్వెన్సీ కౌంటర్ (సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్కపెట్టే యంత్రం) ఇంటికి వచ్చిన రాత్రి నేను చేసిన ఘనకార్యం ముందే చెప్పేస్తాను. వెనకవైపు 10 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్ సాకెట్ ఉంటే, అక్కడి నుంచి ఒక కేబుల్ తెచ్చి ముందువైపు ఇన్‌పుట్‌కు తగిలించాను. అంకెలు చూపే నిక్సీ గాజు గొట్టాల్లో నారింజ రంగు అంకెలు వెలిగాయి: 10000000. గంట తరవాత చూశాను, అదే. తెల్లవారి లేచి చూశాను, అదే. ఒక్క హెర్ట్జ్ కూడా కదలని యంత్రం దొరికిందని పొంగిపోయాను. తన చేతిని తన మూరతోనే కొలుచుకునేవాడికి ఎప్పుడూ ఒక మూరే వస్తుందని తట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ కౌంటర్ తన ఆసిలేటర్‌ను, అంటే లోపల నిలకడగా కంపిస్తూ తనకు కొలబద్దగా ఉండే భాగాన్ని, తానే కొలుచుకుంటోంది. అది వెయ్యి హెర్ట్జ్ తప్పి నడిచినా తెర మీద అదే అంకె ఉండేది.

కాబట్టి ఈ సరదాలోకి దిగేవారు ఒకటి కాదు, రెండు ఆసిలేటర్లు తెచ్చుకోవాలి. రెండూ ఓవెన్ ఉన్న క్వార్ట్జ్ రకం అయితే చాలు. హ్యూలెట్ పాకార్డ్ 10811 లాంటివి పాత కౌంటర్లలో, సిగ్నల్ జనరేటర్లలో ఇప్పటికీ దొరుకుతాయి. వీటిలో కంపించే క్వార్ట్జ్ స్ఫటికాన్ని (క్రిస్టల్) చిన్న పెట్టెలో పెట్టి, గది వేడికంటే బాగా ఎక్కువగా, దాదాపు 80 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచుతారు. బయట ఎండైనా వానైనా లోపల వాతావరణం మారదు. సీసియం యంత్రం, అంటే పరమాణు గడియారం, మీద మనసు పోతుంది, నాకు తెలుసు. సెకనుకు 9,192,631,770 కంపనాలని 1967లో నిర్వచనం రాసుకున్నది ఆ పరమాణువు మీదే కదా. కానీ సీసియం గొట్టానికి ఆయుష్షు ఉంది. లోపలి సీసియం ఖర్చవుతుంది, వాడకుండా ఏళ్లపాటు మూలన పడేస్తే శూన్యమూ చెడుతుంది. పెట్టె తళతళలాడుతుంది, గొట్టం మాత్రం చచ్చి ఉంటుంది. అది మూడో మజిలీ, మొదటిది కాదు.

పాత పరికరం రాగానే ప్లగ్గు పెట్టకండి. మూత తీయండి. మెయిన్స్ లోపలికి వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్ ఉంటుంది. దాని పసుపు రంగు పారదర్శక పై తొడుగులో సన్నని పగుళ్లు కనిపిస్తే, పని చేస్తున్నా సరే, మార్చేయండి. నేను ఒకదాన్ని రేపు మారుద్దామని వదిలేశాను. ఇరవై నిమిషాలకు టప్‌మని పేలి, గదంతా పొగ. ఆ వాసన కర్టెన్లను వారం రోజులు వదల్లేదు. తరవాత పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు చూడండి: అడుగు ఉబ్బిందా, ఏదైనా కారిందా? మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఒక ఫిలమెంటు బల్బును వరసలో కలిపి ఇస్తే మంచిది. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి చెబుతుంది, ఫ్యూజు బతుకుతుంది. నిక్సీ గొట్టాలకు 170 వోల్టుల దరిదాపుల్లో సరఫరా ఉంటుంది. స్విచ్ ఆపిన తరవాత కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది, వేలు పెట్టకండి. లోపలి సర్క్యూట్ కార్డులు ఒక్కొక్కటే ఊడదీసి, అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ గుచ్చండి. పాడైందనుకున్న సగం పరికరాలు దీనితోనే లేచి కూర్చుంటాయి.

ఓవెన్ ఆరోగ్యం తెలుసుకోవడానికి అది తాగే కరెంటును చూడండి. పవర్ సప్లై మీటరు చాలు. స్విచ్ వేయగానే ఎక్కువ తాగాలి, పది పదిహేను నిమిషాల్లో హఠాత్తుగా తగ్గి ఒక చోట నిలవాలి. మొదటి నుంచీ తక్కువే తాగుతుంటే హీటరు తెగింది, లేదా లోపలి థర్మల్ ఫ్యూజు పోయింది. ఎంతకీ తగ్గకపోతే వేడి ఎటో కారిపోతోంది, లేదా నియంత్రణ చెడింది. చల్లారిన ఓవెన్ ఉన్న ఆసిలేటర్ కూడా 10 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే పలుకుతుంది. అదే మోసం. చూడటానికి బాగానే ఉంటుంది, గది వేడిని బట్టి ఊగుతుంటుంది.

ఇక అసలు పని. ఖరీదైన పరికరం అక్కర్లేదు, రెండు ఛానళ్ల ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే పరికరం) ఉంటే చాలు. ఒక ఆసిలేటర్‌ను మొదటి ఛానల్‌కు ఇచ్చి ట్రిగ్గర్ (తెర మీద గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే అమరిక) దాని మీదే పెట్టండి. రెండోదాన్ని రెండో ఛానల్‌కు ఇవ్వండి. మొదటి అల తెర మీద కదలకుండా నిలబడుతుంది. రెండోది మెల్లగా ఓ పక్కకు జరుగుతుంది. ఎడమకు జరిగితే రెండోది వేగంగా నడుస్తున్నట్టు, కుడికి జరిగితే వెనకబడుతున్నట్టు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పూర్తి అల 100 నానోసెకన్లు. గడియారం చూస్తూ, ఒక శిఖరం జరిగి సరిగ్గా పక్క శిఖరం ఉన్న చోటికి చేరడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. 100 సెకన్లు పడితే 100 సెకన్లకు 100 నానోసెకన్ల తేడా, అంటే వంద కోట్లలో ఒక వంతు. ఆ లెక్కన నడిచే గడియారం ఒక్క సెకను తప్పడానికి దాదాపు 32 ఏళ్లు పడుతుంది. 20 సెకన్లకే జరిగితే వంద కోట్లలో అయిదు వంతులు. ఇంత సూక్ష్మమైన తేడాను చేతి గడియారం, ఓపిక పట్టిస్తున్నాయి. ఒక సెకను గేటుతో, అంటే ఒక సెకను పాటు లెక్కపెట్టి, కౌంటర్ చూపగలిగేది కోటిలో ఒక వంతు తేడా వరకు మాత్రమే. నేను ఈ పద్ధతిని ప్రేమించడానికి కారణం అదే.

అల కదలడం కనిపించగానే, ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని దిద్దే స్క్రూ తిప్పాలని చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు పోతుంది. ఆపుకోండి. ఏళ్ల తరవాత కరెంటు చూసిన క్రిస్టల్ కుదుటపడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మొదటి వారం దిద్దినది రెండో వారం మళ్లీ తప్పుతుంది, ఆ తప్పు క్రిస్టల్‌దో మీ చేతిదో తేలదు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి: తేదీ, గది ఉష్ణోగ్రత, ఒక అలకు పట్టిన సెకన్లు, దిశ. రోజూ ఒకే వేళకు. పవర్ పోయి వస్తే అది తప్పనిసరిగా రాయండి, ఎందుకంటే చల్లారి మళ్లీ వేడెక్కిన ఆసిలేటర్ వెంటనే పాత చోటికి తిరిగి రాదు. చాలా కౌంటర్లలో స్విచ్ ఆపినా ప్లగ్గు ఉన్నంతసేపు ఓవెన్ వెలుగుతూనే ఉండేది ఇందుకే. ప్లగ్గు పీకకండి. ఇంట్లో వాళ్లకూ చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె కోసం ఒకసారి పీకారు, నలభై రోజుల రాతలతో గీసిన గ్రాఫు గీత అక్కడ మెట్టులా విరిగింది.

ఈ లోగా విసుగొస్తే ఒక ఆట ఆడండి. ఆసిలేటర్ పెట్టెను నెమ్మదిగా తలకిందులు చేసి, తెర మీద అల వేగం చూడండి. మారుతుంది. బరువు దిశ మారి క్రిస్టల్‌లో ఒత్తిడి మారుతుంది, వంద కోట్లలో కొన్ని వంతుల మేర ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. మళ్లీ నిలబెడితే వెనక్కి వస్తుంది. భూమి ఆకర్షణ తెర మీద కనబడిన మొదటి రోజు నేను భోజనం మరిచిపోయాను.

రెండు క్వార్ట్జ్‌లు ఒకదానితో ఒకటి విభేదిస్తే ఎవరిది ఒప్పో తేల్చడానికి మూడో సాక్షి కావాలి. జీపీఎస్‌తో దిద్దుకునే ఆసిలేటర్ అందుకు సులువైన దారి. యాంటెనాకు ఆకాశం బాగా కనిపించాలి, అంతే. పాత రిసీవర్ దాదాపు ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తే కంగారు పడకండి. అందులో వారం సంఖ్యకు 10 బిట్లే, 1024 వారాలకోసారి సున్నాకు తిరుగుతుంది. తేదీ తప్పినా ఫ్రీక్వెన్సీ తప్పదు. టెలిఫోన్ పరికరాల నుంచి తీసిన రుబీడియం పెట్టెలూ (రుబీడియం పరమాణువుల ఆధారంగా నడిచే ఆసిలేటర్లు) మంచివే, కానీ వాటిని కచ్చితంగా మందపాటి అల్యూమినియం పలక మీద బిగించాలి. ఊరికే బల్ల మీద వదిలేస్తే తన వేడికి తానే ఉడికిపోతుంది.

మూడు నెలల రాతలు పేరుకున్నాక గీత వాలు ఎటుందో తెలుస్తుంది. అప్పుడు లోహం కాని స్క్రూడ్రైవర్‌తో, వెంట్రుకవాసి తిప్పి, వేలు తీసేసి, గంట ఆగి చూడండి. వాలుకు ఎదురు దిశలో కొంచెం ఎక్కువగానే దిద్దితే, అది తనంతట తానే సున్నా దాటుకుంటూ ఇంకొన్ని నెలలు దగ్గరలో తిరుగుతుంది.

ఈ ఉదయం నా పుస్తకంలో రాసింది: 27 డిగ్రీలు, 410 సెకన్లు, ఎడమకు. స్క్రూ మీద అంటించిన కాగితం ముక్క అలాగే ఉంది.