మిగిలిన ఊలుతో అల్లిన పిల్లి బంతి: సమస్యలు, పరిష్కారాలు

పిల్లి ఆడుకోవడానికి క్రోషే సూదితో (కొన కొక్కెంలా ఉండే సూది) అల్లే బంతి ఇది. సింగిల్ క్రోషే (క్రోషేలో మామూలు పొట్టి కుట్టు), కుట్లు పెంచడం, తగ్గించడం చేతికి వచ్చినవాళ్లకే. బంతి లెక్క మామూలే: మ్యాజిక్ రింగ్‌లో (కొస లాగితే బిగుసుకునే మొదటి ఉచ్చులో) 6 కుట్లు, తర్వాత 12, 18, 24. అక్కడ నాలుగు వరసలు పెంచకుండా అల్లి, మళ్లీ 18, 12, 6కి తగ్గించి మూసేయడం.

బంతి గుండ్రంగా రాలేదు

ముందు కుట్లు లెక్కపెట్టండి. సూది మార్చాలా, ఊలు మార్చాలా అని అడిగేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పనీ చేసి ఉండరు. అంచు ముందే లోపలికి ముడుచుకుంటే ఎక్కడో పెంచడం మర్చిపోయారు. అలలు అలలుగా లేస్తే ఎక్కువ పెంచారు. లెక్క కుదిరిన వరస దాకా విప్పి మళ్లీ అల్లండి. ప్రతి వరస మొదటి కుట్టుకి ఒక పిన్నీసు తగిలించుకుంటే ఈ గొడవే ఉండదు.

లెక్క సరిపోయినా ఒక పట్టీ దగ్గర నొక్కుకుపోతే, అక్కడ సన్న దారం పడిందని అర్థం. దాన్ని రెండు పోగులు కలిపి అల్లండి.

లోపలి దూది కనిపిస్తోంది

క్రోషే సూది లావైంది. ఒక సైజు తగ్గించండి. మళ్లీ అల్లే ఓపిక లేకపోతే దూదిని పాత సాక్సు ముక్కలో మూటకట్టి లోపల పెట్టండి.

రెండు రోజులకే దారం బయటికొచ్చింది

నా దగ్గరికి బాగుచేయమని వచ్చే బంతుల్లో ఎక్కువ ఇవే. బంతి చూడ్డానికి చక్కగా ఉంటుంది. రంగు మారిన చోట మాత్రం రెండు కుట్ల మధ్య బియ్యపు గింజంత కొస పొడుచుకొచ్చి ఉంటుంది. పిల్లి గోరు దానికి తగిలితే చాలు, పోగంతా వచ్చేస్తుంది.

మిగిలిన ఊలంటే ఐదారు రంగులు, ప్రతి మార్పుకీ రెండు కొసలు. ముడేసి దగ్గరగా కత్తిరిస్తే యాక్రిలిక్ ఊలు నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారిపోతుంది. ముడి వద్దనుకునేవాళ్లు కొసను కుట్ల కిందే కలుపుకుంటూ అల్లేసి, పని అయిపోయిందనుకుంటారు. అసలు మోసం అక్కడే. ఆ కొస ఒకే దిక్కుగా, తిన్నగా పడుకుని ఉంటుంది. పిల్లి కొరికినప్పుడల్లా కుట్లు సాగుతాయి, కొస కొంచెం కొంచెంగా జారుతుంది.

రంగు మార్చేటప్పుడు పాత రంగు చివరి కుట్టు పూర్తిచేసే ఆఖరి లాగుడు కొత్త రంగుతో లాగండి. రెండు కొసలూ జానెడు చొప్పున వదలండి. ఊలు సూదితో లోపలి వైపు ఆరేడు కుట్ల కింద నుంచి తీసుకెళ్లి, దారం పోగుల్నే చీల్చుకుంటూ వెనక్కి తెచ్చి, మూడోసారి అడ్డంగా దించండి. తర్వాత అల్లికను నాలుగు వైపులా గట్టిగా సాగదీసి, అప్పుడే కత్తిరించండి. మ్యాజిక్ రింగ్ కొసను రింగు చుట్టూ రెండుసార్లు తిప్పి ఇలాగే దాచాలి. ఇదంతా దూది పెట్టకముందే చేయాలి. ఇప్పటికే మూసేసిన బంతైతే 18 కుట్ల వరస దాకా విప్పి, లోపలిది బయటికి తిప్పి సరిచేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపే వంగి ఉంటాయి. దారం నోట్లోకి పోతే ఉమ్మేయడం దానికి కష్టం. ఒక కొస నాలుక కిందో పొట్టలోనో చిక్కుకుంటే, పేగులు ఆ దారం మీద కుచ్చుళ్లలా ముడుచుకుపోయి కోసుకుపోతాయి. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం కనిపిస్తే లాగకండి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఊలు పోగు ఊడిన బంతిని ఒక్క పూట కూడా పిల్లికి ఇవ్వొద్దు.

పిల్లి దగ్గరికే రావడం లేదు

ఊలు ఎక్కడ దాచారో గుర్తు తెచ్చుకోండి. పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే ఆ వాసన దానికి గిట్టదు, పైగా అవి పిల్లికి విషం. ఆ ఊలు పక్కన పెట్టేయండి. వాసన లేకపోతే బంతి మరీ బిగుతుగా కూరారేమో చూడండి. గోరు దిగని బంతితో కొన్ని పిల్లులు ఆడవు.

రంగు దిగడం, బంతి సాగిపోవడం అరుదు, వాటికి టెన్షన్ వద్దు. పూసల కళ్లు, బయట వేలాడే గంటలు మాత్రం కుట్టకండి. కళ్లు కావాలంటే ఊలుతోనే కుట్టి, ఆ కొసల్ని కూడా పైన చెప్పినట్టే దాచండి.