రెండు ఫోన్లలో ఒకదాన్ని ఎంచుకోవడం – మూడవ పాఠం: సిగ్నల్, ఎండ, నీరు

కిందటి పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని పూర్తి చేసినవారి నోటుపుస్తకంలో ఇప్పుడు రెండు నిలువు వరుసలు ఉండాలి. ఒకదాని పైన ‘క’ అనీ, మరొకదాని పైన ‘చ’ అనీ రాసుకొని ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్, బ్యాటరీ వివరాలను ఎదురెదురుగా వేసుకున్నాము. ఇవి పాఠం కోసం కల్పించుకున్న ఫోన్లే అయినా, ఇరవై వేల రూపాయల ప్రాంతంలో అమలాపురంలోనో భీమవరంలోనో దుకాణదారు మీ ముందు పెట్టే వాటికి పెద్దగా భిన్నమైనవి కావు. క ఫోను ధర 19,999 రూపాయలు, చ ఫోను ధర 22,999 రూపాయలు. రెండింటిలోనూ ర్యామ్ 8 జీబీ, స్టోరేజ్ 128 జీబీ. క ఫోనులో బ్యాటరీ 5,500 ఎంఏహెచ్, ప్రాసెసర్ కాస్త వేగవంతమైనది. చ ఫోనులో బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. ఇక్కడితో ఆగితే క ఫోను గెలిచినట్టే కనిపిస్తుంది, మూడు వేలు మిగులుతాయి కూడా.

అయితే ఫోను మన దగ్గర ఉండబోయే చోటు గురించి ఈ వరుసలు ఏమీ చెప్పలేదు. కొబ్బరితోట మధ్యన ఉన్న ఇల్లు, మధ్యాహ్నపు ఎండలో చెరువు గట్టు, వర్షాకాలంలో ఏటిగట్టు దాటే ప్రయాణం, ఇవి మన ప్రాంతంలో రోజువారీ సంగతులు. కనుక ఈ పాఠంలో పట్టికకు మరి కొన్ని అడ్డ వరుసలను చేర్చుతాము. దుకాణంలో గోడకు వేలాడదీసే పోలిక పట్టికల్లో వీటికి సాధారణంగా చోటు ఉండదు.

మొదటిది సిగ్నల్. ‘5జీ ఫోను’ అన్న ఒక్క మాటతో ఈ గడిని నింపి ఊరుకోకూడదు. ప్రతి టెలికాం సంస్థ తనకు కేటాయించిన కొన్ని తరంగ పౌనఃపున్యాలలోనే సేవ అందిస్తుంది. వాటికి అంతర్జాతీయంగా అంగీకరించిన సంఖ్యలు ఉన్నాయి, వాటినే బ్యాండ్లు అంటారు. జియో 4జీ సేవ బ్యాండ్ 3, బ్యాండ్ 5, బ్యాండ్ 40 లలో నడుస్తుంది. దాని 5జీ సేవ ప్రధానంగా ఎన్78, ఎన్28 లలో ఉంటుంది. ఎన్78 అంటే 3,300 మెగాహెర్ట్జ్‌కు పైనున్న తరంగాలు, ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ తరంగం ఎక్కువ దూరం వెళ్లగలదు, గోడలనూ చెట్లనూ కొంత మెరుగ్గా దాటగలదు. పెరిగేకొద్దీ ఎక్కువ డేటాను మోయగలదు గాని త్వరగా నీరసించిపోతుంది. టవరు రోడ్డు పక్కనా, ఇల్లు తోట లోపలా ఉండే కోనసీమ గ్రామాలలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 2022 జులై 26 నుంచి ఆగస్టు 1 వరకు జరిగిన వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను కొన్నది జియో ఒక్కటే కాబట్టి, ఆ సంస్థ సిమ్ వాడేవారు ఫోనులో ఎన్28 ఉన్నదో లేదో తప్పక చూసుకోవాలి. అదే సంస్థ 5జీ సేవ ‘స్టాండలోన్’ పద్ధతిలో, అంటే 4జీ ఆసరా లేకుండా, నడుస్తుంది గనుక, వివరాల కాగితంలో ఎస్ఏ అనే రెండక్షరాలు కూడా కనిపించాలి.

బీఎస్ఎన్ఎల్ సిమ్‌ను వదులుకోలేని ఇళ్లు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి. పాత నంబరు మీద ఉన్న మమకారం కొంతా, బ్యాంకు ఖాతాలన్నీ దానికే ముడిపడి ఉండటం కొంతా అందుకు కారణాలు. ఆ సంస్థ స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీ నెట్‌వర్కు 2025 సెప్టెంబరు 27న లాంఛనంగా ప్రారంభమైంది. అది ముఖ్యంగా బ్యాండ్ 28, బ్యాండ్ 1 లను వాడుతుంది. ఇక్కడ జాగ్రత్తగా చదవవలసిన చిన్న మెలిక ఒకటి ఉంది: 5జీ జాబితాలో ఎన్28 ఉన్నంత మాత్రాన 4జీ జాబితాలో బ్యాండ్ 28 ఉన్నట్టు కాదు. రెండూ ఒకే 700 మెగాహెర్ట్జ్ ప్రాంతానివే అయినా, తయారీదారు రెండింటినీ విడివిడిగా ప్రకటించాలి. మన క ఫోనులో ఎన్28 ఉన్నది గాని 4జీ బ్యాండ్ 28 లేదు; చ ఫోనులో రెండూ ఉన్నాయి. ఈ వివరం తయారీదారు భారతదేశపు వెబ్‌సైటులో ‘నెట్‌వర్క్’ అన్న శీర్షిక కింద, సాధారణంగా పేజీ అడుగున, దొరుకుతుంది. అదే పేరుతో వేరే దేశంలో అమ్మే ఫోనులో బ్యాండ్లు వేరుగా ఉండవచ్చు కాబట్టి విదేశీ సమీక్షలలోని జాబితాను నమ్ముకోవద్దు.

కాగితం మీద చూసినదాన్ని చేతితోనూ పరీక్షించవచ్చు. మీరు కొనదలచిన రెండు నమూనాలలో కనీసం ఒకటైనా బంధువుల దగ్గరో ఇరుగుపొరుగు దగ్గరో ఉండే అవకాశం ఎక్కువ. మీ సిమ్‌ను ఆ ఫోనులో వేసి, మీ ఇంట్లో సిగ్నల్ బాగా తక్కువగా ఉండే గదిలో నిలబడి, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ లోనికి వెళ్లి, ‘సిమ్ స్టేటస్’ దగ్గర సిగ్నల్ బలాన్ని చూడండి. అది డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 కంటే సున్నాకు దగ్గరగా ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటిపోతే మాట తెగిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. రెండు ఫోన్ల మధ్య తేడా 3 వచ్చినా అందుకున్న శక్తి దాదాపు రెట్టింపు తేడా అని అర్థం. 10 వస్తే పది రెట్లు. తెరపై కనిపించే గీతలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, ఎంత బలానికి ఎన్ని గీతలు చూపాలన్నది ప్రతి తయారీదారూ తనకు నచ్చినట్టు నిర్ణయించుకుంటాడు. పోల్చేటప్పుడు రెండు ఫోన్లూ 4జీలోనే, లేదా రెండూ 5జీలోనే ఉండేట్టు చూసుకోవాలి, లేకపోతే ఆ అంకెలకు పొత్తు కుదరదు. సిగ్నల్ నిలకడగా ఉండదు గనుక కొన్ని నిమిషాల వ్యవధిలో రెండు మూడుసార్లు చూడటం మంచిది. డాబా ఇంటి లోపలి గదుల్లో ఏ ఫోనుతోనూ మాట సరిగా వినిపించని వారు, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే, తాము కొనదలచిన ఫోనులో వైఫై కాలింగ్ పనిచేస్తుందా అని తమ టెలికాం సంస్థను అడిగి ఆ జవాబును కూడా పట్టికలో రాసుకోవాలి.

రెండవ వరుస ఎండ. దీనిని త్వరగా ముగించవచ్చు. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. క ఫోను పెట్టె మీద 4,500 నిట్స్ అనీ, చ ఫోను పెట్టె మీద 3,000 నిట్స్ అనీ ఉన్నది. ఈ పెద్ద అంకెలు తెరలో చాలా చిన్న భాగం మాత్రమే, అదీ కొన్ని ప్రత్యేకమైన వీడియోలు ఆడుతున్నప్పుడు, కొద్దిసేపు చేరుకునే వెలుగును చెబుతాయి. ఎండలో నిలబడి ధాన్యం రసీదు చదవడానికి పనికి వచ్చేది ‘హై బ్రైట్‌నెస్ మోడ్’ పక్కన ఉండే అంకె. అక్కడ క ఫోనుకు 1,000, చ ఫోనుకు 1,400 ఉన్నాయి. అంటే పెట్టె మీద ఓడిన ఫోను గట్టు మీద గెలుస్తుంది. దుకాణంలో డెమో ఫోన్లు ఉంటే ఆటో బ్రైట్‌నెస్ వేసి, రెండింటినీ ఎండలోకి తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. ఆటో ఆపివేసి చేత్తో వెలుగు పెంచితే చాలా ఫోన్లు ఆ ఎక్కువ వెలుగుకు చేరుకోవు. దుకాణదారు కాస్త విసుక్కోవచ్చు, ఇరవై వేలు ఇచ్చేవారికి ఆ మాత్రం అడిగే హక్కు ఉన్నది. ఫోను వేడెక్కినప్పుడు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది గనుక, వీలైతే కొన్ని నిమిషాల పాటు ఎండలోనే ఉంచి చూడటం మేలు.

మూడవది నీరు. ఐపీ అనే రెండక్షరాల పక్కన రెండంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండవ అంకె నీటికి సంబంధించినవి. దుమ్ము విషయంలో 6 అంటే లోపలికి ఏమీ చొరబడదని, 5 అంటే హాని చేసేంత చొరబడదని అర్థం. నీటి విషయంలో 4 అంటే చిందిన నీటిని తట్టుకుంటుంది; 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుంది; 8 అంటే అంతకు మించి, తయారీదారు చెప్పిన లోతు, సమయం మేరకు తట్టుకుంటుంది; 9 అంటే ఎక్కువ ఒత్తిడితో కొట్టే వేడినీటి ధారను తట్టుకుంటుంది. 9 వచ్చింది గనుక 8 కూడా అందులో కలిసి ఉంటుందని అనుకోకూడదు, అవి వేర్వేరు పరీక్షలు. రెండింటిలోనూ నెగ్గిన ఫోను మీద రెండు గుర్తులూ ఉంటాయి. క ఫోనుది ఐపీ54, చ ఫోనుకు ఐపీ68, ఐపీ69 రెండూ ఉన్నాయి. వానలో మోటారు సైకిలు మీద వెళ్తూ జేబులో పెట్టుకునేవారికి ఐపీ54 సరిపోవచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దిగేవారికి, రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల మధ్య తెప్ప మీద తిరిగేవారికి అది చాలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పరీక్షలన్నీ మంచినీటితో, కొత్త ఫోన్లతో జరిగేవి. ఉప్పునీటిని తట్టుకుంటుందని ఈ గుర్తు హామీ ఇవ్వదు. ఉప్పు ఛార్జింగు రంధ్రంలోని లోహపు కొసలను తినివేస్తుంది. వాడుకలో రబ్బరు అతుకులు సడలుతాయి, ఒకసారి తెర మార్పిస్తే పాత బిగువు మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఐపీ68 అని ప్రకటించిన ఫోన్లకు సైతం వారంటీ పత్రంలో నీటి వల్ల జరిగిన నష్టాన్ని మినహాయించే వాక్యం సాధారణంగా ఉంటుంది. కొనేముందు ఆ వాక్యాన్ని వెతికి చదవండి. తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పాతిపెట్టే అలవాటు ధాన్యం పండే సీమలో బలంగా ఉండటంలో వింత లేదు గాని, బియ్యం వల్ల ఫోను త్వరగా ఆరదు. నూక, పిండి రంధ్రాలలో చేరితే అదనపు నష్టం. ఆపివేసి, గాలి తగిలేచోట ఉంచి, పూర్తిగా ఆరేవరకు ఛార్జింగు పెట్టకపోవడమే సరైన పద్ధతి.

నీటితో ముడిపడినదే నాలుగవ వరుస, మరమ్మతు. తయారీదారు అధికారిక సర్వీసు కేంద్రం మీ పట్టణంలోనే ఉందా, లేక రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లాలా అన్నది ఆ సంస్థ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. తెర మార్పించడానికి ఎంత అవుతుందో కూడా కొన్ని సంస్థలు అక్కడే ప్రకటిస్తాయి, లేకపోతే కేంద్రానికి ఫోను చేసి అడగాలి. ఈ గడిలో ధరతో పాటు ప్రయాణానికి పోయే పూటను కూడా రాయండి. మన్నిక గురించి మరో ఆధారం కూడా ఉంది. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లకు ఎనర్జీ లేబుల్ తప్పనిసరి అయింది. అందులో బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలుపుకుంటూ ఎన్ని ఛార్జింగు చక్రాలు తట్టుకుంటుందో, పడిపోతే ఎంత నిలుస్తుందో, మరమ్మతు ఎంత సులువో అక్షరాల తరగతులలోనూ అంకెలలోనూ చెబుతారు. మీరు చూస్తున్న నమూనా అక్కడ కూడా అమ్ముడవుతుంటే ఆ లేబుల్ చదవడం లాభం. అయితే ఒకే పేరుతో ఉన్నా బ్యాటరీ పరిమాణం దేశాన్ని బట్టి మారవచ్చు గనుక, ముందు ఆ అంకె సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు పట్టికను చదువుదాము. చాలామంది ప్రతి వరుసకూ మార్కులు వేసి కూడుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే అవసరం లేని పది చిన్న సుగుణాలు కలిసి అవసరమైన ఒక్క లోపాన్ని కప్పిపుచ్చుతాయి. దానికి బదులు, లేకపోతే పని సాగదనుకున్న వరుసలకు ఎర్ర గీత గీయండి. ఎర్ర గీత ఉన్న ఏ ఒక్క గడిలోనైనా తప్పిన ఫోను ధర ఎంత తక్కువైనా పక్కకు పోతుంది. రెండూ నిలిస్తేనే మిగిలిన వరుసలను చూడాలి. ఆకివీడు వైపు చెరువులు చూసుకుంటూ, బీఎస్ఎన్ఎల్ నంబరుతో వ్యాపారం నడిపే రైతుకు 4జీ బ్యాండ్ 28, నీరు ఎర్ర గీత వరుసలు. ఆయనకు క ఫోను మిగలదు, మూడు వేల తేడా గురించి ఆలోచించే పని కూడా ఉండదు. భీమవరంలో హాస్టలులో ఉండి ఇంజనీరింగు చదివే విద్యార్థికి సిగ్నల్ సమస్య లేదు, చెరువు లేదు. అతనికి రెండూ నిలుస్తాయి కనుక వేగం, బ్యాటరీ, మిగిలే మూడు వేలు క ఫోను వైపే మొగ్గుతాయి. ఒకే ఇంట్లో తండ్రికి, కొడుక్కి ఒకే నమూనా ఫోన్లను జతగా కొనే పద్ధతిని నేను సమర్థించలేకపోవడానికి ఇదే కారణం.

అభ్యాసం: మీరు ఎంచుకున్న రెండు నిజమైన ఫోన్లకు తయారీదారు భారతీయ వెబ్‌సైటు నుంచి 4జీ బ్యాండ్లు, 5జీ బ్యాండ్లు, హై బ్రైట్‌నెస్ మోడ్ నిట్స్, ఐపీ గుర్తు, దగ్గరలోని సర్వీసు కేంద్రం, తెర మార్పు ఖర్చు రాసుకోండి. దొరకని వివరానికి గడిని ఖాళీగా ఉంచండి, ఊహించి నింపవద్దు. ఇప్పుడు వాడుతున్న ఫోనుతో ఇంట్లోని ప్రతి గదిలో డీబీఎం అంకెను చూసి వేరే పుటలో నమోదు చేయండి. ఆ తరువాతే ఎర్ర గీతలు గీయండి, అవి మూడింటికి మించకుండా చూసుకోండి. ధర గడిలోని అంకెలను మాత్రం పెన్సిలుతోనే ఉంచండి. బ్యాంకు ఆఫర్లు, ఎక్స్ఛేంజి, వడ్డీ లేని వాయిదాలని చెప్పేవాటి మీద పడే జీఎస్టీ లెక్క నాలుగవ పాఠంలో తేలాక ఆ అంకెలు మారతాయి.