పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌ను కథలా చెప్పడం ఎలా?

"హలో అండీ, అందరికీ నమస్కారం, వెల్‌కమ్ టు అవర్ పాడ్‌కాస్ట్. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే టాపిక్ ఏంటంటే..." ఏ తెలుగు పాడ్‌కాస్ట్ పెట్టినా వరస ఇదే. తర్వాత అతిథికి థాంక్స్, అతిథి నుంచి తిరుగు థాంక్స్, సబ్‌స్క్రైబ్ చేయమని బతిమాలడం. రెండు నిమిషాలు గడిచినా విషయం గడప దాటదు. వినేవాడు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, ఇంకో చేతి బొటనవేలు ఫోన్ మీదే ఉంది. వెళ్లిపోతాడు. తప్పు అతనిది కాదు.

ఉదాహరణకు హైదరాబాద్ మూసీ వరదనే తీసుకుందాం. నగర చరిత్ర మీద మాట్లాడేవాళ్లంతా దాన్ని ముట్టుకుంటారు, దాదాపు అందరూ ఒకే తీరున పాడుచేస్తారు: "1908 సెప్టెంబరు 28న మూసీ నదికి భారీ వరద వచ్చింది. సుమారు 15,000 మంది చనిపోయారు. తర్వాత విశ్వేశ్వరయ్య గారు వచ్చి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించమని సలహా ఇచ్చారు." మొదటి అర నిమిషంలో అంతా చెప్పేశాక, మిగిలిన ఇరవై నిమిషాలు ఎవరైనా ఎందుకు వినాలి?

సరంజామా

దీని మీద ఎక్కువ మాట్లాడను. ఫోన్‌కు తగిలించే మామూలు కాలర్ మైకు చాలు. పరుపు, దుప్పట్లు ఉన్న పడకగదిలో, బట్టల బీరువా తలుపులు తెరిచి కూర్చోండి, గొంతు మార్మోగదు. ఫ్యాను, ఏసీ ఆపండి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపేటప్పుడు బండి తాళాలు అందులో పెడితే మళ్లీ వేయడం మర్చిపోరు. ఎండాకాలమైతే తెల్లవారుజామున రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌కు ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. వేలకు వేలు పోసి మైకు కొన్నాక కూడా "హలో అండీ" అనే మొదలుపెడితే, అది ఇంకాస్త స్పష్టంగా వినిపిస్తుంది, అంతే.

ఒక మనిషిని పట్టుకోండి

వరద గురించి కథ చెప్పలేం. వరదలో ఉన్న మనిషి గురించే చెప్పగలం. మూసీ కథకు ఆ మనిషి సిద్ధంగా ఉన్నారు: అమ్జద్ హైదరాబాదీ, రుబాయిలకు, అంటే నాలుగు పాదాల పద్యాలకు, పేరుపడ్డ ఉర్దూ కవి. ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తానొక్కరే మిగిలారు. విశ్వేశ్వరయ్య పెద్ద పేరే, కానీ ఆయన హైదరాబాద్ వచ్చింది 1909లో, నీళ్లు తీశాక. ఆయన్ని చివరి మూడో వంతులో తీసుకురండి.

ఎపిసోడ్‌కు ఒక్కరే ముఖ్యుడు. ముగ్గురిని పెడితే ఎవరూ గుర్తుండరు.

ఇంకో మాట. తెలియనిది కల్పించకండి. "అమ్జద్ గారి కళ్లు చెమర్చాయి, ఆయన మనసులో ఇలా అనుకున్నారు" అని చెప్పడానికి మీరు అక్కడ లేరు. రికార్డులో ఉన్నదే చెప్పండి, మిగతాచోట మౌనంగా ఉండండి. ఆ నష్టం చెప్పడానికి "తల్లి, భార్య, కూతురు" అనే మూడు మాటలు చాలు.

బతికున్నవాళ్లతో మాట్లాడే విషయమైతే ఇంకా అదృష్టం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లి "అప్పుడు మీకు ఎలా అనిపించిందండీ?" అంటే, "ఏముందయ్యా, భయమేసింది" అంటారు. అక్కడితో సరి. "పెద్దమ్మా, ఆ రోజు పొద్దున పొయ్యి మీద ఏం పెట్టారు? గేదెలు ఎక్కడ కట్టేసి ఉన్నాయి? ముందు గాలి చప్పుడు విన్నారా, నీళ్ల చప్పుడా?" అని అడగండి. చేతులు చేసిన పని అడిగితే మనసు దానంతటదే బయటికొస్తుంది. జవాబు అయిపోయిందనిపించాక ఇంకో ఐదు అంకెలు లోలోపల లెక్కపెట్టి ఊరుకోండి. అసలు మాట ఆ ఖాళీలోనే వస్తుంది. మనవాళ్లకు ఆ ఖాళీ అంటే భయం, "అవునండీ, కరెక్ట్ అండీ" అంటూ దాన్ని నింపేస్తారు.

ఏది ఎప్పుడు చెప్పాలి

చాలా ఎపిసోడ్లు చచ్చేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మీ దగ్గరున్న సంగతులన్నీ చిన్న కాగితం ముక్కల మీద రాయండి, ముక్కకు ఒక్కటే. మూసీకైతే: కుండపోత వాన, ఎగువన చెరువులు తెగడం, వంతెనలు కొట్టుకుపోవడం, అఫ్జల్‌గంజ్‌లో (ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న చోట) చింతచెట్టు ఎక్కిన జనం, అమ్జద్ కుటుంబం, 15,000 మంది, విశ్వేశ్వరయ్య, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. కంప్యూటర్‌లో వద్దు, కాగితాలే. నేల మీద పరిచి అటూ ఇటూ జరిపితేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక్కో ముక్క తీసుకుని రెండు ప్రశ్నలు వేయండి. ఇది దేనికి జవాబు? ఇది వినగానే వినేవాడు తర్వాత ఏమడుగుతాడు? ఎవరూ ఇంకా అడగని ప్రశ్నకు జవాబు చెప్పే ముక్కను కిందికి జరపండి. 15,000 అనే అంకె "ఎంతమంది పోయారు?" అనే ప్రశ్నకు జవాబు. మొదటి నిమిషంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే పోయినవాళ్లలో ఒక్కరూ వాళ్లకింకా తెలియదు. అదే అంకెను అమ్జద్ కుటుంబం తర్వాత పెట్టి చూడండి. ఒక ఇంట్లో ముగ్గురు, నగరంలో 15,000. అప్పుడు అది గుచ్చుకుంటుంది.

మరి మొదట ఏం పెట్టాలి? నేనైతే ఇలా మొదలుపెడతాను: "ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. ఒక రోజు దాని కొమ్మల మీద నూటయాభై మంది దాకా ఉన్నారు. కింద నేల కనిపించడం లేదు." పలకరింపు లేదు, తేదీ లేదు, నది పేరు కూడా లేదు. వినేవాడి బుర్రలో రెండు ప్రశ్నలు పడ్డాయి: ఎందుకెక్కారు, బతికారా?

ఇక్కడి నుంచి సూత్రం ఒక్కటే: ఒక ప్రశ్నను మూసే ముందే ఇంకోటి తెరవాలి. ఎందుకెక్కారంటే వరద. సరే, వాన ఒక్కటే అంత నీళ్లు తెస్తుందా? తేదు. ఎగువన చెరువు తెగి, ఆ నీళ్లు కింది చెరువు మీద పడి, అదీ తెగి, అలా 200కు పైగా చెరువులు తెగాయి. అయితే మళ్లీ వానొస్తే గతేమిటి? అక్కడ విశ్వేశ్వరయ్య వస్తారు, ఎగువనే నీళ్లు ఆపే రెండు జలాశయాల ఆలోచన వస్తుంది. ఇంతసేపూ చెట్టు మీది జనం సంగతి మీరింకా చెప్పలేదు. వినేవాడు దిగే స్టాప్ దాటిపోయినా చెవి తీయడు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఆపి చెప్పడానికీ దాచి ఊరించడానికీ తేడా ఉంది, మనవాళ్లు కలిపేసేది ఈ రెండింటినే. "చివరి వరకు వినండి, షాక్ అవుతారు" అనేది ఊరించడం. "అప్పుడు ఒక వ్యక్తి వచ్చాడు, ఆయన ఎవరో తర్వాత చెప్తాను" అనేది ఇంకా అన్యాయం. ఆయన పేరు ఆయనకు తెలుసు, మీకు తెలుసు, వినేవాడికి మాత్రమే తెలియనివ్వరా? నేను వాడే పరీక్ష ఇది: కథలోని మనిషికి ఆ క్షణంలో తెలియనిదాన్నే మీరు ఆపవచ్చు. నీళ్లు తగ్గుతాయో లేదో చెట్టు మీది వాళ్లకు తెలియదు, కాబట్టి వినేవాడికీ తెలియకూడదు. తాము చెట్టు మీద ఉన్నామని వాళ్లకు తెలుసు, కాబట్టి అది మొదటి వాక్యాల్లోనే చెప్పాలి. ఈ పరీక్ష దాటని రహస్యం ప్రతిదీ కొట్టేయండి. ముచ్చటగా ఉందని ఒక్కటి ఉంచినా, తర్వాతి రహస్యాన్ని వినేవాడు నమ్మడు.

పుస్తకమైతే పాఠకుడు పేజీ వెనక్కి తిప్పుతాడు. వింటున్నవాడు తిప్పడు. అందుకే ఒకేసారి రెండు ప్రశ్నలకు మించి తెరిచి ఉంచవద్దు. ప్రశ్న నాలుగైదు నిమిషాలు పాతబడితే ఒక్క వాక్యంతో గుర్తుచేయండి: "ఈలోగా చింతచెట్టు కింద నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి." ఒక్క వాక్యమే. "ఇందాక మనం చెప్పుకున్నట్టుగా" అని మొదలుపెట్టి కథంతా మళ్లీ చెప్పడం మొదలెడితే పని చెడినట్టే.

జవాబు చెప్పాల్సిన క్షణంలో తొందర పనికిరాదు. పావుగంట మోసుకొచ్చిన ప్రశ్నకు "సో, అలా వాళ్లు సేవ్ అయ్యారన్నమాట, ఇక నెక్స్ట్..." అని జవాబిచ్చేవాళ్లను విన్నాను. ఆ జవాబు చిన్న వాక్యంగా, ఒంటరిగా ఉండాలి. "వాళ్లు బతికారు." తర్వాత ఒక ఊపిరి ఆగండి. దాని అర్థమేమిటో వివరించకండి. ప్రకృతి ముందు మనిషి ఎంత అనే ఉపన్యాసం అసలే వద్దు.

ఇదంతా పడమటి దేశాల పాడ్‌కాస్ట్ కోర్సుల్లో నేర్పే విద్య అనుకుంటారు కొందరు. బుర్రకథ చూసినవాళ్లు అలా అనరు. కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. తాళం వేయడంతోబాటు "ఆహా, తర్వాత ఏమైంది?" అని సరిగ్గా జనం అడగాలనుకున్న చోట అడుగుతారు. మీ పాడ్‌కాస్ట్‌లో ఇద్దరుంటే రెండో వ్యక్తి చేయాల్సింది అదే. కథ ముందే తెలియనివ్వకండి ఆ రెండో మనిషికి. ఇద్దరూ అన్నీ చదువుకొచ్చి పోటీ పడి చెప్పే ఎపిసోడ్లు వినలేక చస్తున్నాం. ఒక్కరే చెప్పేవారైతే ఆ వంత ప్రశ్నను మీరే రాసుకోండి, మూసీ కథలో "వాన ఒక్కటే అంత నీళ్లు తెస్తుందా?" అన్నట్టు. రెండు గంటల ముచ్చట్ల పాడ్‌కాస్ట్‌లు కూడా నడుస్తాయి కదా అంటారా? పేరున్న అతిథి ఉన్నంతకాలం నడుస్తాయి.

నోటికి రాయండి

రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదవండి. "కట్టబడింది", "యొక్క", "మరియు" కనిపిస్తే కొట్టేయండి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఊపిరి సరిపోని వాక్యాన్ని రెండుగా విరవండి. నిమిషానికి ఒక్క అంకె మించకూడదు. యాస మార్చకండి. వరంగల్‌లో పెరిగినవాళ్లు వార్తలు చదివే భాష తెచ్చిపెట్టుకుంటే మూడో నిమిషంలో దొరికిపోతారు.

రికార్డింగ్, కత్తిరింపు

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా మీ వాళ్లెవరినైనా కూర్చోబెట్టి వాళ్లకు చెప్పండి, గొంతు దానంతటదే మామూలవుతుంది. తప్పుపోతే ఆపకుండా చప్పట్లు ఒకసారి కొట్టి ఆ వాక్యం మళ్లీ చదవండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు నిటారు గీతలా కనిపిస్తుంది, వెతుక్కోనక్కర్లేదు.

విషాదం రాగానే వయొలిన్ పెట్టకండి. అమ్జద్ గారి ఘట్టానికి నీళ్ల శబ్దం కూడా వద్దు. గొంతు ఒక్కటే ఉండాలి.

నిడివి 22 నిమిషాలు. ఎందుకు 22 అంటే, అంతకంటే పెద్దవి వినాలని నాకెప్పుడూ అనిపించలేదు.

పూర్తయ్యాక ఫోన్‌లో పెట్టుకుని అంట్లు తోముతూ వినండి. కుర్చీలో కూర్చుని శ్రద్ధగా వింటే ఏదైనా బాగానే ఉంటుంది. చేతులు పనిలో ఉన్నప్పుడు మనసు ఎక్కడ పక్కకు జారిందో ఆ చోటు గుర్తుపెట్టుకుని, అక్కడికి ముందున్న అర నిమిషం కోసేయండి. లోపం సాధారణంగా జారిన చోట కాక దానికి కాస్త ముందే ఉంటుంది.

అప్‌లోడ్ చేసేటప్పుడు ఎపిసోడ్ పేరు కూడా చూసుకోండి. "150 మందిని కాపాడిన చింతచెట్టు" అని పెట్టారంటే పద్దెనిమిదో నిమిషం దాకా పట్టి ఉంచిన జవాబును ప్లే నొక్కకముందే ఇచ్చేసినట్టు. "అఫ్జల్‌గంజ్ చింతచెట్టు" చాలు. బొమ్మ మీద కూడా ఇంకేమీ రాయకండి.