ఇంటి వెదర్ స్టేషన్ చూపించే ఎండ అంకెలు సరైనవేనా? సరిచూడటం ఎలా?

పర్లాకిమిడి, బరంపురం వైపు డాబాల మీద కనిపించే చిన్న వెదర్ స్టేషన్లలో చాలా రకాలు ఎండను నేరుగా కొలవవు. వెలుతురును లక్సుల్లో (కంటికి కనిపించే వెలుగుకు కొలమానం) కొలిచి, 126.7తో భాగించి, చదరపు మీటరుకు ఇన్ని వాట్లని చూపిస్తాయి. మంచి ఎండలో ఈ లెక్క దాదాపు సరిపోతుంది, మబ్బులో తప్పుతుంది. కాబట్టి ఆకాశంలో మబ్బు తునక లేని రోజునే పరీక్షకు ఎంచుకోండి. చలికాలమే అనువు.

ముందు సెన్సర్ పైభాగాన్ని తడి మెత్తని గుడ్డతో తుడవండి. రసమట్టం పెట్టి బుడగ నడుమకు వచ్చేదాకా సరిచేయండి. డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తి నుంచి 42 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు. సెన్సర్ అటువైపు రెండు డిగ్రీలు ఒరిగినా నేరుగా పడే ఎండ మూడు శాతం ఎక్కువగా నమోదవుతుంది. రాత్రి రీడింగ్ సున్నా ఉండాలి. స్టేషన్ గడియారాన్ని ఫోన్ టైముతో కలపండి.

ఇక పోల్చే డేటా. ఉపగ్రహ డేటా ఇచ్చే నాసా పవర్ సైటులో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలిచ్చి, గంటల వారీ డేటాలో ‘ఆల్ స్కై సర్ఫేస్ షార్ట్‌వేవ్ డౌన్‌వర్డ్ ఇర్రేడియన్స్’, అంటే నేలకు చేరే ఎండ అంకెలు, ఉచితంగా దించుకోవచ్చు. టైము దగ్గర యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఎంచుకోండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన టైము యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ 6 నుంచి 7 గంటల సగటు అంటే మనకు పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా. మీ ఐదు నిమిషాల రీడింగులకు కూడా సరిగ్గా ఆ గంటకే సగటు కట్టండి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా కడితే లేని తేడా పుట్టుకొస్తుంది.

ఉదయం 9 నుంచి సాయంత్రం 3 దాకా ప్రతి గంటకూ నాసా అంకెను మీ అంకెతో భాగించండి. 740ని 680తో భాగిస్తే 1.09. రోజంతా ఇదే నిష్పత్తి వస్తుంటే, స్టేషన్ సెట్టింగుల్లో ఆ గుణకం పెడితే సరి. మీ స్టేషన్ నాసా అంకె కంటే పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ చూపిస్తే సెన్సర్ తూర్పుకు ఒరిగిందన్నమాట, లేదా గడియారం తప్పింది. రోజూ ఒకే వేళకు అంకె గుంటపడితే కొబ్బరిచెట్టు నీడో, వాటర్ ట్యాంకు నీడో పడుతోంది. ఈ రెంటినీ గుణకంతో సరిదిద్దాలని చూడకండి, ఉన్న తప్పు ఇంకో గంటకు మారుతుందంతే.

ఉపగ్రహ డేటాకూ హద్దులున్నాయి. అందులో నేలను గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇస్తారు. ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే దాదాపు 110 కిలోమీటర్లు. పర్లాకిమిడి ఉన్న గడిలోనే మహేంద్రగిరి కొండా ఉంది, సముద్రతీరమూ ఉంది. అందుకే ఐదు శాతం లోపు తేడా ఉంటే మా మటుకు సెట్టింగు కదపం.

చిన్నపాటి పరీక్ష ఇంకొకటి: మబ్బు లేని డిసెంబరు మధ్యాహ్నం ఇక్కడ సుమారు 750, మే నడుమ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు 1,000 వాట్ల పైచిలుకు రావాలి. దుమ్ము, మంచు ఉంటే కొంత తగ్గుతుంది. తెల్లమబ్బులు చెదురుమదురుగా ఉన్న రోజు క్షణకాలం 1,200 దాటినా సెన్సర్ పాడైందనుకోవద్దు. మబ్బు అంచు నుంచి పడే వెలుగు నేరుగా పడే ఎండకు తోడవుతుంది.