థీసిస్‌కు కాపీ మరక అంటకుండా రాయడం ఎలా?

థీసిస్ మొత్తం రాసేసి, సబ్మిషన్‌కు వారం ముందు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేయించి, వేరే రచనలతో పోలిక ఇంత అని వచ్చిన శాతం తగ్గించుకోవడానికి పరుగులు పెట్టడం మన దగ్గర రివాజైపోయింది. హన్మకొండలో రిసెర్చ్ స్కాలర్ల చిత్తుప్రతులు చదివి పెడుతుంటాను. ఆ పరుగు చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. శాతం తగ్గించడం వేరు, కాపీ లేకుండా రాయడం వేరు. రెండోది చేతనైతే మొదటిదాని గురించి దిగులే అక్కర్లేదు.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, నీలం పెన్ను, నల్ల పెన్ను, కంప్యూటర్‌లో జొటెరో (చదివిన మూలాల వివరాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్). జొటెరో ఉచితమే. నోట్‌బుక్ మాత్రం కాగితందే ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసుకున్న పేజీ నోట్స్ కిందికి రాదు. చేత్తో రాస్తే చెయ్యి నొప్పి పుడుతుంది కాబట్టే ఏది అవసరమో, ఏది కాదో బుర్ర ఏరుకుంటుంది. కాపీ-పేస్ట్‌లో ఆ ఏరుకోవడం ఉండదు, అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

నోట్స్ తీయడం

పుస్తకంలోని మాటలు ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటే నీలం సిరా, కొటేషన్ గుర్తులు, పక్కనే పేజీ నంబర్. మీ ఆలోచన నల్ల సిరా. రెండూ కలవకూడదు. ఇంతే.

పేర్లు ముందే తేల్చుకోవడం

థీసిస్‌లోంచి పేపర్ కూడా తీస్తుంటే, మొదటి పేరా రాయకముందే ఎవరి పేర్లు, ఏ వరసలో అన్నది కాగితం మీద పెట్టండి. గైడ్ సార్‌తో నోటిమాటగా అనుకున్నది రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎంజేఈ, నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాలు, రాతలో గానీ దిద్దడంలో గానీ చెయ్యి, తుది ప్రతికి ఒప్పుదల, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ. నాలుగూ కలిస్తేనే రచయిత. ల్యాబ్ తాళం ఇచ్చినవాళ్లకు, సంతకం పెట్టిన హెడ్‌కు కృతజ్ఞతల్లో చోటుంది, అక్కడ నిండుగా రాయండి. ఏఐ టూల్ పేరు రచయితల్లో పెట్టడానికి వీల్లేదు, అది జవాబుదారీ తీసుకోలేదు. వాడితే వాడానని చెప్పాలి.

సొంత మాటల్లో రాయడం (తొందరపడొద్దు)

నూటికి తొంభై మంది బోర్లాపడేది ఇక్కడే. మాటలు మారిస్తే సొంతమైపోయిందనుకుంటారు. రామప్ప గుడి మీద రాస్తున్నారనుకోండి. మూలంలో ఇలా ఉంది: “ఆలయ భారం ఒకేచోట పడకుండా పునాది గుంతలో ఇసుక నింపారు; భూమి కదిలినా ఇసుక ఆ కుదుపును తనలో ఇముడ్చుకుంటుంది.” స్కాలర్ రాసేది ఇలా: “గుడి బరువు ఒక్కచోటే పడకుండా పునాది గొయ్యిలో ఇసుక పోశారు; నేల కంపించినా ఇసుక ఆ కదలికను తనలో కలుపుకుంటుంది.”

భారం బరువైంది, గుంత గొయ్యి అయింది. ఎముకలగూడు మాత్రం అదే: మొదట ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నదంతా పుస్తకం రాసినాయనదే. సాఫ్ట్‌వేర్ పట్టకపోయినా, విషయం తెలిసిన ఎగ్జామినర్ పడతాడు. శాతం తగ్గించి ఇస్తామనే సెంటర్లు చేసేదీ ఈ మాటల మార్పిడే. వాళ్ల చేతుల్లోంచి వచ్చిన చాప్టర్లు చదివాను, వాటిలో శాసనం పేరు కూడా పర్యాయపదంగా మారిపోయి ఉంటుంది.

పద్ధతి ఇది. పేజీ చదవండి. పుస్తకం మూసేయండి. లేచి చాయ్ తాగి రండి. ఇప్పుడు తెల్లకాగితం మీద, ఆ విషయం తెలియని తమ్ముడికి చెబుతున్నట్టు రాయండి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి, పొరపాట్లు దిద్ది, పేజీ నంబర్ వేయండి. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: “ఇసుక పునాది భూకంపాలను తట్టుకోవడానికే వేశారని ఫలానా రచయిత వాదం. దానికి ఆయన కొలతలేవీ చూపలేదు.” రెండో వాక్యం చూడండి, అది మీది. అది రాసే దమ్ము వచ్చినప్పుడే మీరు ఆ పేజీని చదివినట్టు.

అన్నిటికీ మూలం చూపాలా? అక్కర్లేదు. పాలంపేటలోని ఈ రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడన్నది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిందన్నది అందరికీ తెలిసినవే. పునాది ఎందుకలా వేశారన్న వివరణ ఒకరి ఆలోచన, దానికి పేరు చెప్పాలి.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లు మరీ జాగ్రత్తగా వినండి. ఇంగ్లిష్ పుస్తకంలోని నాలుగు పేజీలు తెలుగు చేసుకుని పేరు చెప్పకపోతే అదీ కాపీయే. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో సున్నా వచ్చినా కాపీయే. మీరే పాత పేపర్‌లో రాసిన పేరాను చెప్పకుండా మళ్లీ వాడినా తప్పే.

రిపోర్టు చదవడం

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే 6 నెలలు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చూపిన ఉటంకింపులు ఈ లెక్కలోకి రావు.

10లోపు వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. ఆ 8 శాతమంతా ఒకే పుస్తకం నుంచి, మీ ఫలితాల చాప్టర్‌లో వచ్చి ఉంటే అది ప్రమాదం. రిపోర్టులో రంగు పడ్డ ప్రతి వాక్యం దగ్గరా ఆగి, నోట్‌బుక్‌లో నీలమా నలుపా చూసుకోండి.

జర్నల్ ఎంచుకోవడం

థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ వేయాలన్న తప్పనిసరిని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో ఆఫీసులో అడగండి, ఆ భయంతో వారంలో అచ్చేస్తామని వాట్సాప్‌లో పిలిచేవాళ్లకు డబ్బు కట్టకండి. నమ్మదగ్గ జర్నళ్ల పేర్లు చెప్పే యూజీసీ-కేర్ జాబితా 2025లో ఆగిపోయింది కాబట్టి మంచిచెడ్డలు మీరే చూసుకోవాలి. ఐఎస్ఎస్ఎన్ నంబర్ (జర్నల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) నిజమైనదో కాదో వెతకండి. సంపాదకవర్గంలో ఇద్దరికి, వాళ్ల కాలేజీ మెయిల్‌కు రాసి, ఆ జర్నల్‌లో ఉన్నారా అని అడగండి. జవాబు రాకపోతే ఇంకో జర్నల్ చూసుకోండి.

అచ్చయ్యాక లెక్కలో తప్పు కనబడితే గైడ్‌కు చెప్పి, సహరచయితలందరికీ కాపీ పెట్టి, ఎడిటర్‌కు మీరే రాయండి. ఏ పట్టికలో, ఏ అంకె, సరైనది ఎంత, దానివల్ల ముగింపు మారుతుందా లేదా అన్నవి ఆ ఉత్తరంలో ఉండాలి. నోట్‌బుక్, ముడి డేటా వైవా అయిపోయాక కూడా పారేయొద్దు. ఇంకో కాపీ గైడ్ దగ్గర పెట్టండి.