మన లెక్క యాడికి పోతాందో అడగడం ఎట్ల

మా అనంతపురం పక్క దుడ్డును లెక్క అంటాం. "లెక్క ఉందా" అంటే జేబులో డబ్బులున్నాయా అని, కడపోళ్ళు కూడా అట్లే అంటారు. ఇంత మంచి మాట పెట్టుకుని కూడా మన లెక్కకు లెక్క అడిగేవాళ్ళు మా వీధిలో నలుగురు లేరు. బడ్జెట్ రోజు టీవీ ముందర కూర్చుని మావాడు బాగా పెట్టినాడు, మీవాడు ముంచేసినాడు అని అరుచుకునేదే తప్ప కాగితం తీసి చూసినోడు లేడు. నాది హార్డ్‌వేర్ అంగడి, ఆలోచన రొంత పాతకాలంది: వచ్చేదాంట్లోనే గడుపుకోవాల, అప్పు చేస్తే ఆస్తి మిగలాల, పన్ను తక్కువుండాల కానీ అందరూ కట్టాల. మీది వేరే పక్షమైనా పర్వాలేదు, చదివే పద్ధతి అందరికీ ఒకటే.

మొదట అమరావతిని పక్కన పెట్టి మీ ఇంటి పన్ను డిమాండ్ నోటీసు బయటికి తీయండి. ఎందుకంటే పెట్రోల్ మీద, సబ్బు మీద కట్టే పన్ను యాడికి పోతాదో మనం వెంటపడి చూడలేం, ఇంటి పన్ను మాత్రం మన ఊర్లోనే ఖర్చయితాది, ఖర్చు పెట్టేవాడు మనకు టీ అంగడి దగ్గర కనపడతాడు. టౌన్‌లో ఉంటే 2021 నుంచి పన్ను అద్దె విలువ మీద కాదు, ఆస్తి విలువ మీద వేస్తాండారు, ఏడాదికి 15 శాతం కంటే పెంచకూడదని హద్దు పెట్టినారు. 15 శాతం అంటే తక్కువ అనుకోవద్దు, ప్రతి ఏడూ అంతే పెంచుకుంటా పోతే ఐదేళ్ళకు రెండింతలైతాది, క్యాలిక్యులేటర్ తీసుకుని వేసి చూడండి. పోయినేడు రసీదు, ఈ ఏడు నోటీసు పక్కపక్కన పెట్టి ఎంత పెరిగిందో చూడాల, ఆ తర్వాత కొలత, ఎన్ని అంతస్తులు, ఇల్లా అంగడా అనేది సరిగ్గా రాసినారా అని చూడాల. నాకు ఒకసారి మెట్ల కింద రేకుల షెడ్డును కూడా అంగడి కింద రాసినారు, యాడ ఏ ఆఫీసు అనేది ఇప్పుడు వద్దులే, మూడు సార్లు తిరిగితే కానీ సరిచేయలేదు. నోటీసులో రాసిన గడువు లోపలే రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్ళా చూసి సరిచేయమనే అర్జీ, రాసివ్వండి, నోటితో చెప్తే పనికాదు, ఇచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకోండి.

ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపల కడితే 5 శాతం తగ్గిస్తారు. జూన్ 30 దాటితే మొదటి ఆర్నెల్ల బాకీ మీద నెలకు 2 శాతం, అంటే మన భాషలో రెండు రూపాయల వడ్డీ. మా ఊర్లో వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళు కూడా ఇంతకే ఇస్తారు. అదే ఊరు మనకు బాకీ పడితే, అంటే కాంట్రాక్టరుకు బిల్లు ఏడాది లేటైతే, ఇదే రేటున వడ్డీ ఇచ్చినట్ల నేనైతే చూడలేదు. ఇంకోటి, నోటీసులో గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటాది, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తాండాది. ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల. చేరినాయా లేదా అని మీ కౌన్సిలర్‌ను అడగండి, పెద్ద పెద్ద విషయాలు మాట్లాడేవాళ్ళు ఈ ఒక్క గీత దగ్గర నీళ్ళు నములుతారు.

చెత్త పన్ను గుర్తుందా, 2021లో పెట్టినారు, 2024లో తీసేసినారు. తీసేస్తే నాకూ సంతోషమే, పండగ చేసుకున్నా. కానీ చెత్త బండి డీజిల్ ఖర్చు ఆగలేదు కదప్పా, ఆ ఖర్చు ఏ పద్దులోకి పోయిందో అడగాల. పన్ను పెట్టినప్పుడు అరిచినోళ్ళు పన్ను తీసినప్పుడు కూడా ఇంకో ప్రశ్న అడిగితేనే న్యాయం, లేదంటే మనం అరిచింది జేబు కోసమే, పద్ధతి కోసం కాదని అర్థం.

పల్లెలో ఉంటే పని ఇంకా సులభం. పంచాయతీకి వచ్చేవి రెండు రకాలు, ఊర్లో వసూలయ్యే ఇంటి పన్ను కుళాయి పన్ను లాంటివి ఒకటి, కేంద్రం పన్నుల్లో ఎవరికెంత అని పంచే ఆర్థిక సంఘం చెప్పినట్ల పైనుంచి వచ్చే నిధులు ఇంకోటి. 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లో 60 శాతం నీళ్ళకు, పారిశుద్ధ్యానికే పెట్టాలని కట్టేసినారు, 40 శాతం ఊరి ఇష్టం. 2021 తర్వాత ఈ డబ్బులే కరెంటు బకాయిల కింద మళ్ళించినారని సర్పంచులు రోడ్డెక్కినారు, గుర్తుండే ఉంటాది. నా వాదన ఏమంటే పైనుంచి ఊరికే వచ్చిన దుడ్డు పైవాళ్ళు ఊరికే తీసుకుంటారు, ఊరోళ్ళకు కూడా పోయిందే అనే బాధ ఉండదు. సొంతంగా కట్టిన పన్నైతే వెయ్యి రూపాయలు తేడా వచ్చినా అరుగు మీద పంచాయితీ అయితాది. అందుకే ఊరి పన్ను ఊర్లోనే వసూలై ఊర్లోనే ఖర్చు కావాలని నేనంటా, చాలామందికి నచ్చదులే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు. అట్లాంటి సభకు పోతే ఉపన్యాసం ఇవ్వొద్దు, ఒక్క పని పట్టుకోండి. ఫలానా బోరు మోటారు రిపేరు ఎన్ని సార్లు రాసినారు, ఎంతకు రాసినారు, బిల్లు చూపండి. అంతే. అవినీతి, దోపిడీ అనే మాటలు వాడితే వాళ్ళు కూడా అవే మాటలు తిరిగి అంటారు, మోటారు మరుగున పడిపోతాది. పోయేముందు ఈ-గ్రామస్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ పేరు కొట్టి ఏ ఏడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చు చూపించినారు అనేది ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు రాష్ట్రం బడ్జెట్. ఇది చూసి భయపడేది ఏమీ లేదు, పద్దు పుస్తకం రాసినోనికి ఎవరికైనా అర్థమైతాది. 2019 నుంచి 2024 దాకా ఆర్థిక మంత్రి డోన్ ఆయన బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి, ఆ తర్వాత ఉరవకొండ ఆయన పయ్యావుల కేశవ్, ఇద్దరూ సీమోళ్ళే, కాబట్టి మనోడు పెట్టినాడు కదా అని ఊరుకునేదానికి గానీ, అమరావతోళ్ళు ముంచినారు అనేదానికి గానీ మనకు అవకాశం లేదు. 2025 ఫిబ్రవరి 28న పెట్టిన బడ్జెట్ తీసుకోండి. మొత్తం సుమారు 3,22,359 కోట్లు. దాంట్లో రెవెన్యూ ఖర్చు, అంటే జీతాలు పింఛన్లు వడ్డీలు పథకాలు, 2,51,162 కోట్లు. మూలధన ఖర్చు, అంటే రోడ్డు కాలవ బిల్డింగు లాంటివి, 40,635 కోట్లు. రూపాయికి పదమూడు పైసలు కూడా రాలేదు. రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్య లోటు, అంటే అన్నీ కలిపి అప్పుతో పూడ్చాల్సింది, 79,926 కోట్లు.

దీంట్లో నేను మొదట చూసేది రెవెన్యూ లోటు. రోజువారీ ఖర్చుకు ఎంత అప్పు చేస్తాండారో ఈ ఒక్క అంకె చెప్పేస్తాది. శెనక్కాయ విత్తనానికి అప్పు చేసిన రైతును ఎవడూ తప్పు పట్టడు, పంట వస్తే తీరుస్తాడు. విత్తనం కాయలే వలుచుకుని తిని మళ్ళా విత్తనానికి అప్పుకు పోతేనే ఇల్లు మునిగేది. ముసలోళ్ళకు 2024 జులై నుంచి ఇచ్చే నాలుగు వేల పింఛను ఆపమని నేను అననప్పా, మా అంగడి ముందర పూలమ్మే అవ్వ దాని మీదనే మందులు తెచ్చుకుంటాది. నేను అడిగేది ఏమంటే ఏ పథకానికైనా పక్కనే ఏ రాబడితో ఇస్తాండారో రాయండి అని. కాలవ తవ్వే డబ్బులతో ఇస్తాండామంటే అట్లనే రాయండి, ఓటేసేవాళ్ళు చూసి ఒప్పుకుంటారో లేదో వాళ్ళిష్టం.

రెండోది, బడ్జెట్‌లో నాలుగు కాలమ్‌లు ఉంటాయి. రెండేళ్ళ కిందటి అసలు లెక్కలు, ఈ ఏడు మొదట వేసిన అంచనా, దాన్నే సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. పేపర్లో హెడ్డింగు వచ్చేది చివరి కాలమ్, మీరు చూడాల్సింది మొదటి కాలమ్. సాగునీళ్ళకు ఇంత పెట్టినాం అని చెప్పిన ఏడు పాత బడ్జెట్ తీసి, రెండేళ్ళ తర్వాత వచ్చే అసలు లెక్కతో పోల్చండి. అంతదాకా ఆగలేకపోతే, ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే కాగ్ సైట్‌లో ప్రతి రాష్ట్రానికీ నెలనెలా లెక్కలు పెడతారు, ఏ నెలకు ఎంత రాబడి ఎంత అప్పు అని ఒక్క పేజీలో ఉంటాది. ప్రభుత్వ కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చిన అప్పులు మాత్రం ఈ లోటు అంకెల్లో కనపడవు, గ్యారంటీల పట్టిక వేరేగా ఉంటాది, దాన్ని తప్పకుండా చూడండి. ఏ పార్టీ వచ్చినా ఆ పట్టిక దగ్గర మెల్లగానే మాట్లాడతారు.

పన్ను రేటు పెంచితే రాబడి పెరుగుతాది అనుకునేవాళ్ళను బళ్ళారి రోడ్డు మీదికి తీసుకపోవాల. మన దగ్గర పెట్రోల్ మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. గుంతకల్లు, రాయదుర్గం పక్క బండ్లోళ్ళు బార్డర్ దాటి కర్ణాటకలో ట్యాంకు నింపుకుని వస్తారు, పన్ను వాళ్ళకు, మన రోడ్డు గుంతలు మనకు. ఈ సంగతి మన జిల్లాల్లో రెండొందల ఏళ్ళ కిందటే ఒకాయనకు తెలిసింది. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేస్తే కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807లో పోయేముందు భూమి శిస్తు నాలుగో వంతు తగ్గించమని రాసినాడు, తగ్గిస్తేనే బీడు భూములు సాగులోకి వస్తాయి అని. పైవాళ్ళు వినలేదు, ఊర్లను గుత్తకు ఇచ్చినారు, చెడిపోయినాక మళ్ళా ఆయన దారికే వచ్చినారు. ఆయన 1827లో పత్తికొండలోనే కలరాతో చనిపోయినాడు, ఇక్కడోళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెప్తారు. తెల్లదొరను పొగిడేదానికి కాదు ఇది చెప్పింది, పన్ను తగ్గించినోని పేరు జనం ఎంత కాలం పెట్టుకుంటారో చూడమని.

ఇంక చివరిది సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల. "మొత్తం ఖర్చుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే సంచి నిండా కాగితాలు ఇచ్చి జిరాక్స్ డబ్బులు కట్టమంటారు. మా వీధి సిమెంట్ రోడ్డు ఎం-బుక్కు నకలు ఇవ్వండి అని ఒక్క వాక్యం రాయండి. ఎం-బుక్కు అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. దాంట్లో పొడవు, వెడల్పు, మందం ఉంటాయి. పని దగ్గరికి పోయి చూసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. నకలు వచ్చినాక పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు ఇద్దరు పోయి కొలవండి. ముప్పై మీటర్ల టేపు మా అంగడిలో ఉంది, అడ్వాన్సు వంద రూపాయలు పెట్టి తీసుకపోండి, టేపు తిరిగిస్తే వంద వాపసు.