చదివినవారా అని అడుగుడు బంద్ పెట్టి చూడుండ్రి

మార్చి వచ్చిందంటే మా వరంగల్ దిక్కు రెండు పనులు ఒక్కసారే మీద పడ్తయ్, ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి, ఇంట్ల పదో తరగతి పరీక్షలు. నాయిన బస్తాల కాడ రాత్రంత పండుకోని ఇంటికొచ్చి చెప్పులు ఇడ్సుకుంట అడిగే మొదటి మాట "చదివినవారా?" అనే. పిలగాడు ఆఁ అంటడు, ముచ్చట ఒడిసె. నేను గూడ గిట్లనే చేసిన, మా పెద్దోడు స్లిప్ టెస్ట్‌ల 20కి 6 వస్తే ఆ పేపర్ బియ్యం డబ్బ కింద దాసిండు, దాసుడు నేర్పింది నేనే అని తెల్సుకునేటాల్లకు ఏడాది పట్టింది.

ఫస్ట్ చెయ్యాల్సింది, బువ్వ తినేటప్పుడు టీవీ ఆపి మీ దినమే ముందు చెప్పుండ్రి. మిర్చి క్వింటాల్‌కు ఎంత పల్కింది, తరుగు ఎంత తీసిండ్రు, కమీషన్ పోంగ చేతికెంత వచ్చింది, ఆ లెక్క పిలగానితోనే చేయించుండ్రి, శాతాల లెక్క ఇంతకన్న మంచిగ ఏ గైడ్‌ల దొరకది. వాని స్కూల్ ముచ్చట్లు వాడే చెప్తడు, రెండు మూడు దినాలు చెప్పకపోయినా గుంజకుండ్రి.

హోంవర్క్ కాడ నెత్తి మీద కూసుంటెనే చదువు వస్తదనుకుంటం గాని, 2001ల షీటావ్ ఫ్యాన్, మైఖేల్ చెన్ అనేటోళ్లు 25 అధ్యయనాలు కలిపి చూస్తే ఇంట్ల కాపలాకు చదువుతోని సంబంధం శాన తక్కువ కనపడ్డది, మా బిడ్డ మంచిగ చదువుతదని అమ్మానాయినలు పెట్టుకునే ఆశకే ఎక్కువ కనపడ్డది. (వెనుకబడ్డ పిల్లలకే కాపలా ఎక్కువుంటది, అదొక కారణం కావచ్చు.) ఆశ అంటే పక్కింటి పిల్లతోని పోల్చుడు కాదు మల్ల.

జగిత్యాల, సిరిసిల్ల దిక్కు నాయిన దుబాయ్‌ల ఉన్న ఇండ్లు మస్తు. అక్కడ టైమ్ మనకన్న గంటన్నర వెనుక, ఆయన తొమ్మిదికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదిన్నర, పిల్లలు నిద్రల ఉంటరు. అందుకని లీవ్ దినం ఒక టైమ్ ఫిక్స్ చేస్కోండ్రి, అమ్మ పక్కపొంటి నిలవడి కంప్లైంట్లు చెప్పకుంట పిలగాన్ని ఒక్కన్నే పది నిమిషాలు మాట్లాడనియ్యుండ్రి.

ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు అన్ని సబ్జెక్టులు ఒక్కపారి తవ్వకుండ్రి, ఒక్కటి పట్టుకోని ఏ లెసన్ సమజ్ కాలేదో అడిగి, అదే ముచ్చట వాళ్ల సార్‌తోని మాట్లాడుండ్రి.

మొన్న మా చిన్నోడు సోషల్‌ల 20కి 7 అని వాడే వచ్చి చెప్పిండు, చెప్పి కంచం ముంగట నా మొఖమే చూస్కుంట కూసున్నడు. నేను పప్పు ఏసి, ఏ ప్రశ్న పోయిందిరా అన్న.